తొలినీళ్ళు

కిందటి వారం చదవనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పై చదువు కోసం నేను పల్లె నుంచి పిన్ని వాళ్ళింటికి వచ్చాను. పాత ఇల్లు. ఇంట్లో పిన్ని, బాబాయి, బాబాయి వాళ్ళమ్మ, పిన్ని కొడుకు ఉంటారు. పైవాటా అద్దెకిచ్చారు. బాబాయి వాళ్ళమ్మని నేను మామ్మగారూ అని పిలుస్తాను. పిల్లవాడికి మూడేళ్ళు. నోరు మూయకుండా మాట్లాడేవాడని వాడికి చిలక అని పేరు పడిపోయింది. ఆ చిలకకి ఇప్పుడు మాటలు పోతున్నాయి. మొదట 'బంతి' పోయింది. తర్వాత 'బువ్వ' పోయింది. ఒకరోజు పొద్దున లేచేసరికి 'అక్క' కూడా పోయింది. ఆ అక్కని నేనే.

వంటింటి గోడ చెమ్మెక్కిందని తవ్విస్తే లోపల సీసపు గొట్టం బయటపడింది. బాబాయి నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తాడు. నీళ్ళ నమూనాలు పట్టి పరీక్షకి పెట్టడమే ఆయన ఉద్యోగం. సీసం నీళ్ళలో కలిస్తే ముందు పసిపిల్లల మెదడుకే ఎసరు పెడుతుందని ఆయనకి తెలుసు. వెంటనే మా కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించాడు. భయం లేదని తేలింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది, నేను తప్ప. బాబాయి పట్టిన నీళ్ళు, చిలక తాగే నీళ్ళు ఒకటి కావు. అది నా కళ్ళబడింది. నోరు తెరిచి చెప్పలేకపోయాను. మామ్మగారి కూజాలోంచి ఒక బాటిల్ నింపి, బాబాయి సంచిలో ఆఫీసు బాటిళ్ళ మధ్య పెట్టేశాను. దాని మీద 'వంటిల్లు' అని మాత్రం రాశాను.

ఇక చదవండి.

*

బాటిల్ వెళ్ళిపోయింది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. నేను మాత్రం బాబాయి చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా పుస్తకంలో తల దూర్చేదాన్ని.

గోడలో తవ్విన గుంట అలాగే ఉంది. సిమెంటు తెస్తానని వెళ్ళిన మేస్త్రీ మళ్ళీ కనిపించలేదు.

"కొనడానికి వెళ్ళాడో, తయారుచెయ్యడానికి వెళ్ళాడో!" అంటుంది పిన్ని. అందరం నవ్వుతాం. నవ్వుతూనే ఎవరమూ ఆ గుంట వైపు చూడం.

లోపల గొట్టం బూడిదరంగులో, కాస్త వంకర్లు తిరిగి ఉంది. ఇనుములా బిగుసుకుని ఉండదు. ముట్టుకుంటే మెత్తగా ఉంటుందేమో అనిపిస్తుంది. గోడ తవ్విన రోజున బాబాయి గోటితో గీస్తే లోపల తళతళా మెరిసింది. మర్నాడు చూస్తే ఆ గీత లేదు. గాయం మానినట్టు పైన మళ్ళీ బూడిదరంగు కమ్ముకుంది.

చిలక ఇప్పుడు ఎక్కువసేపు ఆ గుంట ముందే కూర్చుంటున్నాడు. ఆడడు. ఏడవడు. కాళ్ళు చాపుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంటాడు. పిన్ని గరిట పక్కన పడేసి "చిలకా! ఒరేయ్ చిలకా! ఇటు చూడరా నాన్నా" అని పిలుస్తుంది. తిరగడు. వంటింట్లో ఎవరైనా కుళాయి కట్టేస్తే గొట్టం లోపల ఎక్కడో 'టక్' మంటుంది, తలుపు మీద వేలితో ఒక్కసారి కొట్టినట్టు. అప్పుడు మాత్రం తల తిప్పుతాడు. ఎవరో పిలిచినట్టు అటే చూస్తూ ఉండిపోతాడు.

ఒకసారి పిన్ని అది గమనించింది. మళ్ళీ కుళాయి తిప్పింది. కట్టేసింది. టక్. వాడు తల తిప్పాడు. పిన్ని ఇంకోసారి తిప్పబోయి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మామ్మగారు మాత్రం ధైర్యం వదల్లేదు.

"వీడి నాన్న ఇంతకంటే పెంకి. నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదు. పట్నంలో తాతగారింట్లో పెరిగాడు గానీ, నా దగ్గరుంటే ఇంకా ముందే మాట్లాడేవాడు" అనేది. "మంచి నీళ్ళు తాగించి, నిద్రపోనిస్తే అన్నీ అవే వస్తాయి. ఏమంటావే మౌనమునీ?"

మౌనముని అంటే నేను. ఈ ఇంటికొచ్చిన కొత్తలో నన్ను మాట్లాడించడానికి అందరూ ప్రయత్నించి వదిలేశారు. మామ్మగారు ఒక్కరే నన్ను మాట్లాడించకుండా పక్కన కూర్చోనిచ్చేది. నేను బఠాణీలు వలిచేదాన్ని, ఆవిడ ఊరి కబుర్లు చెప్పేది. నేను తల ఊపితే సరిపోయేది. అందుకే ఆ బాటిల్ నింపుతున్నప్పుడు ఆవిడ కూజాలోంచి దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది.

*

బాబాయి ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, సంచి కొక్కేనికి తగిలించి, "ఏం వండారు?" అని అడుగుతాడు. ఆ రోజు చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేశాడు. చేతిలో బాటిల్ ఉంది. దాని మీద నా చేతిరాత.

"ఇది ఎవరు పట్టారు?"

పిన్ని ఉల్లిపాయలు తరుగుతోంది. "ఏమిటది? ఆఫీసు సరుకు ఇంటికెందుకు తెచ్చారు? ఇక్కడ ఉన్నవి చాలవా?"

"ఎవరు పట్టారని అడుగుతున్నా."

బాబాయి గొంతు పెంచే మనిషి కాదు. పిన్ని కత్తి కింద పెట్టింది. మామ్మగారు పక్కగదిలోంచి వచ్చి గడప మీద నిలబడింది.  గదిలో ఉన్న అందరి కళ్ళూ ఒకరి తర్వాత ఒకరివి నా మీద వాలాయి. చిలకవి తప్ప. వాడు గుంట ముందు కూర్చున్నాడు.

"నేను" అన్నాను. అన్నానో, అనుకున్నానో. పిన్ని "ఆఁ?" అంది. మళ్ళీ "నేను, బాబాయ్" అన్నాను.

"ఏ కుళాయిది?"

"కుళాయిది కాదు."

"మరి?"

చెయ్యెత్తి చూపించాను. స్టవ్ పక్కన, మూత పెట్టిన గాజు కూజా. మామ్మగారి కూజా.

 ముందు పిన్నికే ఓపిక పోయింది. "ఎవరైనా కాస్త తెలుగులో చెబుతారా నాకు? ఆ బాటిల్లో ఏముంది?"

"సీసం" అన్నాడు బాబాయి. "పరీక్ష చేసే మిషన్ దగ్గర కుర్రాడు ముందు నమ్మలేదు. ఎవరో పాత బ్యాటరీ కడిగిన నీళ్ళు పోశారేమో అన్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే వచ్చింది. ఏ ఇంటిదండీ అని అడిగితే బాటిల్ తీసుకుని వచ్చేశాను."

"మొన్న భయం లేదన్నారుగా! మీరేగా అన్నది!"

"అన్నాను. నేను పట్టిన నీళ్ళకి భయం లేదు."

"ఈ వంటింట్లో రెండు రకాల నీళ్ళు వస్తున్నాయా?"

బాబాయి నా వైపు చూశాడు. నన్నే చెప్పమన్నట్టు చూశాడు. నేను గోడకి ఆనుకున్నాను. నాకు గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం అలవాటు లేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను.

"బాబాయి పట్టేటప్పుడు కుళాయి తిప్పి వదిలేశారు. చాలాసేపు. వేళ్ళకి చల్లగా తగిలేదాకా. తర్వాత బాటిల్ పెట్టారు. మామ్మగారు అలా కాదు. మామ్మగారు అందరికంటే ముందు లేస్తారు. కుళాయి తిప్పగానే మొదటి ధారే కూజా కోసం పడతారు. ఒక్క చుక్క కూడా పోనివ్వరు."

"పోనివ్వడమెందుకు?" అంది మామ్మగారు. ఆవిడ గొంతులో ఇంకా గర్వమే ఉంది. "రాత్రంతా ఎవరి చెయ్యీ పడని నీళ్ళవి. కదలకుండా తేరుకున్న నీళ్ళు. మీరంతా లేచి అంట్లు కడిగి, మొహాలు కడిగి, నానా చెయ్యీ పెట్టాక వచ్చే నీళ్ళు పసివాడికి పట్టమంటావా? తొలినీళ్ళు వాడివి. వాడు పుట్టినప్పటి నుంచి అంతే. నా చేత్తో పట్టి, నా చేత్తో మరిగించి పెడుతున్నాను. సగానికి మరిగిస్తాను, ఏ పురుగూ మిగలకుండా."

బాబాయి గోడకి చేరగిలబడ్డాడు.

"సగానికా అమ్మా?"

"ఆఁ, సగానికే. గ్యాస్ ఖర్చని నీ పెళ్ళాం సణిగినా మానలేదు."

"పురుగు చస్తుందమ్మా. సీసం చావదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది మిగిలిన నీళ్ళలోనే ఉంటుంది. రాత్రంతా ఆ గొట్టంలో నానిన నీళ్ళు పట్టి, దాన్ని ఇంకా చిక్కబరిచావు."

మామ్మగారు నవ్వింది. పొరపాటు చేసిన పిల్లవాణ్ణి చూసి పెద్దవాళ్ళు నవ్వినట్టు నవ్వింది. "చిక్కగా ఉంటే తెలీదుట్రా? అద్దంలా ఉంటాయి. కాస్త తియ్యగా కూడా ఉంటాయి. నేనూ తాగుతాను రోజూ. నాకేమయింది? చెప్పు!"

బాబాయి కదిలి ఆవిడ ముందుకి వెళ్ళాడు. "ఏదీ, ఇంకోసారి నవ్వు."

"పిచ్చా నీకు?"

"నవ్వమ్మా."

ఆవిడ నవ్వలేదు. బాబాయే బొటనవేలితో ఆవిడ కింది పెదవిని కిందికి లాగాడు. కిటికీ వెలుతురు పడుతోంది. చిగుళ్ళ మీద, పళ్ళ మొదట్లో ఒక గీత ఉంది. సన్నగా, నీలంగా, సిరాలో ముంచిన దారం ఒకటి పళ్ళ వెంట కుట్టినట్టు ఉంది. ఎన్ని రోజుల నుంచి ఆవిడ నా ఎదురుగా కూర్చుని నవ్వుతోందో. ఆ గీత అక్కడే ఉండి ఉంటుంది. "ఒంట్లో సీసం చేరినవాళ్ళకి పడే గీత ఇది" అన్నాడు బాబాయి.

"ముసలితనం" అంది మామ్మగారు, పెదవి విడిపించుకుని. అన్నాక తన నాలుకతో ఆ చోటు తడుముకుంది. తర్వాత మళ్ళీ ఆ మాట అనలేదు.

*

పిన్ని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి కూజా మూత తీసింది. పక్కన పెట్టింది. కూజా ఎత్తి సింకులో వంపడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, అవి వాడి నీళ్ళు! దాహం వేస్తే ఏం తాగుతాడు?" మామ్మగారు చెయ్యి చాచింది.

"దాహంతో ఉండనివ్వండి అత్తయ్యా."

"నేను వాడికి విషం పెట్టానంటున్నావా?"

"నేనేమీ అనలేదు."

"అనకపోతే నా కళ్ళలోకి చూడు."

పిన్ని చూడలేదు. వంపుతూనే ఉంది. నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. రంగు లేదు, వాసన లేదు. సింకులో పడి ఎప్పటిలాగే గలగలమంటూ పోయాయి.  అవి నల్లగా ఉంటే, కంపు కొడితే, ఒక్క పురుగు తేలినా, ఎవరో ఒకరం ఎప్పుడో పారబోసేవాళ్ళం.

ఆ చప్పుడుకి చిలక లేచాడు. తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి పిన్ని చీర పట్టుకుని, కూజా వైపు రెండో చెయ్యి చాచాడు. పిన్ని గబగబా ఇంకో గ్లాసు తీసింది. కుళాయి మీద నమ్మకం లేక, పొద్దున పక్కవీధి ట్యాంకర్ దగ్గర నేను పట్టుకొచ్చిన నీళ్ళు బిందెలో ఉన్నాయి. అవి పోసి వాడి నోటికి అందించింది. వాడు ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. ఒక్కక్షణం అలాగే ఉంచుకున్నాడు. తర్వాత గడ్డం మీదుగా బయటికి వదిలేశాడు. మళ్ళీ చేతులు కూజా వైపు చాచాడు.

"ఇవి కూడా నీళ్ళేరా నాన్నా. తాగు. నా బంగారం కదూ, తాగు."

వాడు నోరు తెరిచాడు. ఏదో చెప్పాలని చూశాడు. పెదాలు గుండ్రంగా చేశాడు, మళ్ళీ వెడల్పు చేశాడు. గొంతు దాకా వచ్చిన మాట అక్కడ దారి మరిచిపోయినట్టయింది. ఎంత ప్రయత్నించాడంటే వాడి మెడ నరాలు ఉబ్బాయి. ఏ శబ్దమూ రాలేదు. చివరికి మా అందరి మొహాల్లోకీ చూశాడు. ఆ మాటేదో మాకు తెలిసే ఉంటుంది, మేమే చెప్పెయ్యాలి అన్నట్టు చూశాడు.

మామ్మగారు నేల మీద కూలబడింది.

"వాణ్ణి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్దాం" అన్నాడు బాబాయి. "రక్తం తీసి చూస్తారు. ఒంట్లోంచి సీసాన్ని లాగేసే మందులున్నాయి. ఈ గొట్టం మొత్తం పీకించేస్తాను. అప్పటిదాకా ఈ కుళాయి ఎవరూ ముట్టద్దు."

"మాటలు?" అంది పిన్ని.

"ఆఁ?"

"పోయిన మాటలు వస్తాయా?"

బాబాయి తన చేతిలో బాటిల్ని చూసుకున్నాడు. "నాకు తెలీదు."

"మీకు నీళ్ళ సంగతి తెలుసనుకున్నాను."

"నాకు తెలిసిందల్లా ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిందే. కుళాయి తిప్పు, చల్లబడేదాకా వదిలెయ్యి, అప్పుడు పట్టు. ఊరికి వచ్చే నీళ్ళు బాగున్నాయా లేదా అన్నదే మా లెక్క. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకి వెళ్ళానో! ప్రతి ఇంట్లోనూ ముందు నీళ్ళు పారబోసి, తర్వాతి నీళ్ళు పట్టుకొచ్చి, 'భయం లేదు' అని చెప్పొచ్చాను." ఆయన బాటిల్ని స్టవ్ పక్కన పెట్టేశాడు. "ముందు నీళ్ళు ఎవరు తాగుతారని ఎప్పుడూ అడగలేదు."

పిన్ని చిలకని చంకనేసుకుంది. వాడు తల్లి భుజం మీదుగా ఖాళీ కూజానే చూస్తున్నాడు. బాబాయి తాళం చెవుల కోసం జేబులు తడుముకుంటున్నాడు. నేను మామ్మగారి పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. లాగేసుకుంటుందనుకున్నాను. లాగేసుకోలేదు. చెయ్యి చల్లగా ఉంది.

"నువ్వు మంచిపని చేశావే" అంది మెల్లగా. "నాతో ముందు చెప్పి ఉంటే నేను నిన్ను కొట్టేదాన్ని. చెప్పకపోవడమే మంచిదయింది."

నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ ఇంకా ఏదో అనబోయింది. ఆగింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళు మెల్లగా పైకి, కప్పు వైపు వెళ్ళాయి.

"ఒరేయ్" అంది బాబాయితో. "ఆ కూజా నిండా నీళ్ళు వీడొక్కడే తాగుతాడా?"

"నువ్వూ తాగుతానన్నావుగా."

"నేను తాగేది అడుగున మిగిలింది. సగం..." ఆవిడ పెదాలు తడుపుకుంది. "సగం పైకి ఇస్తాను."

"పైకా?"

"పైవాటాలో అద్దెకున్న అమ్మాయికి. కాన్పయి వచ్చాక ఆ పిల్లకి పాలు పడలేదు. డబ్బా పాలు కలపడానికి మంచి నీళ్ళెక్కడ దొరుకుతాయండీ అని అడిగింది. మన ఇంట్లో ఉండగా ఎక్కడికో ఎందుకమ్మా అన్నాను. రోజూ పొద్దున నేనే ఫ్లాస్కులో పోసి మెట్ల మీద పెడతాను."

పిన్ని గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఆ పాపకి వీడికి లాగా ఏమీ లేదురా" అంది మామ్మగారు. మాట తడబడుతోంది. "చక్కగా ఉంటుంది. ఎంత బుద్ధిమంతురాలో! పైన పసిబిడ్డ ఉందన్న సంగతే తెలీదు మనకి. ఏడుపే..."

ఆవిడ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

మేమందరం తలలెత్తి విన్నాం. పైన నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు. అంతే. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు దాకా జ్ఞాపకాల్లో వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను. పైనుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించిన ఒక్క రోజు గుర్తుకి రాలేదు.

పిన్ని చిలకని బాబాయి చేతుల్లో పెట్టేసి మెట్లెక్కింది. నేను వెనకే పరిగెత్తాను. చీర కాళ్ళకి అడ్డంపడుతున్నా పిన్ని ఆగలేదు. తలుపు మీద అరచేత్తో కొట్టింది.

పైవాటా ఆవిడ తలుపు తీసింది. నాకంటే అయిదారేళ్ళు పెద్దదేమో. తల దువ్వుకుంటూ మధ్యలో వచ్చినట్టుంది, దువ్వెన జుట్టులోనే ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... మెల్లగా అక్కయ్యా. పడుకోబెట్టాను."

"పాపని చూడాలి" అంది పిన్ని.

"లేచాక తీసుకొస్తానుగా కిందికి..."

పిన్ని ఆవిణ్ణి పక్కకి తప్పించి లోపలికి వెళ్ళింది. మంచం మీద, రెండు దిళ్ళ మధ్య పాప ఉంది. మెత్తని గళ్ళ గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద పొట్ట చిన్నగా లేస్తూ పడుతూ ఉంది. ఊపిరుంది. నా గుండె కాస్త కుదుటపడింది.

అప్పుడు చూశాను. పాప పడుకోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పిన్ని వంగి వాటి ముందు వేళ్ళు ఆడించింది. చిటిక వేసింది. అరికాలి మీద గోటితో గీసింది. పాప కాలు వెనక్కి తీసుకోలేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

వెనక నుంచి వాళ్ళమ్మ మురిపెంగా అంది.

"చూశారా అక్కయ్యా? ఏం చేసినా అస్సలు ఏడవదు."